హెడ్‌ఫోన్ ఆంప్‌కి కొత్త పవర్ సప్లై కావాలా? (స్వయంశిక్షణ: మూడో పాఠం)

గత పాఠం చివర ఇచ్చిన రెండు లెక్కలతో మొదలుపెడదాం. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 1 వాట్ ఇవ్వాలంటే ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు కావాలి? 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 100 మిల్లీవాట్లు ఇవ్వాలంటే?

వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే వోల్టులు వస్తాయి. ఆ వోల్టుల్ని ఓమ్‌లతో భాగిస్తే కరెంటు. మొదటి హెడ్‌ఫోన్‌కి 5.66 వోల్టులు, 177 మిల్లీయాంపులు. రెండోదానికి 5.48 వోల్టులు, 18 మిల్లీయాంపులు. ఇవి ఆర్‌ఎంఎస్ విలువలు, అంటే ఎగిసిపడే అలకి ఒక రకం సగటు. పీక్, అంటే అల శిఖరం, ఎంతో తెలియాలంటే 1.414తో గుణించాలి. అప్పుడు మొదటిది 8 వోల్టులు, 250 మిల్లీయాంపులు. రెండోది 7.75 వోల్టులు, 26 మిల్లీయాంపులు. వోల్టులు దాదాపు సమానమే, కరెంటు మాత్రం పదింతలు తేడా. సప్లై చాలడం లేదనే ఇబ్బంది ఎక్కువగా తక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్లతోనే ఎందుకు వస్తుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. పీక్ 8 వోల్టులు అంటే సున్నాకి పైన 8, కింద 8. యూఎస్‌బీ నుంచి వచ్చేది 5 వోల్టులే. మరి 5 వోల్టుల మీద నడిచే చిన్న డాక్-ఆంప్ (డిజిటల్ పాటని ఆడియో సిగ్నల్‌గా మార్చే డాక్, దాన్ని హెడ్‌ఫోన్‌కి సరిపడా పెంచే ఆంప్ కలిసిన పెట్టె) అంత వోల్టేజీ ఎక్కడినుంచి తెస్తుంది? లోపల ఒక డీసీ-డీసీ కన్వర్టర్ ఉంటుంది. అది 5 వోల్టుల్ని సెకనుకి లక్షల సార్లు ఆన్, ఆఫ్ చేస్తూ ప్లస్, మైనస్ వోల్టేజీలు తయారుచేస్తుంది. అంటే బయట మీరు ఎంత ఖరీదైన లీనియర్ సప్లై (ఇలా ఆన్, ఆఫ్ చేయకుండా ట్రాన్స్‌ఫార్మర్‌తో పనిచేసే రకం) పెట్టినా, పెట్టె లోపలికి వెళ్లగానే ఆ కరెంటు మళ్లీ స్విచింగ్ సర్క్యూట్ గుండానే పోవాలి. అమ్మేవాళ్ల ప్రకటనల్లో ఈ మాట కనిపించదు. అందుకే దీన్ని గట్టిగా పట్టుకోండి.

ఇక ఈ పాఠం సంగతి. పవర్ సప్లై మారిస్తే బాగుపడేవి రెండే రెండు. ఒకటి, ఆంప్‌కి సరిపడా పవర్ అందకపోవడం. రెండు, సప్లై దారిలో లోపలికి వస్తున్న శబ్దం. మీ ఇబ్బంది ఈ రెండిట్లో ఏదీ కాకపోతే సప్లై మీద పెట్టే డబ్బు వృథా. ఏది అవునో, ఏది కాదో ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా కనిపెట్టడం ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన విద్య.

చెవితో పరీక్ష

గదిలో ఫ్యాన్ ఆపండి. కంప్యూటర్‌లో మ్యూజిక్ ప్లేయర్‌ని పాజ్ చేయడం కాదు, పూర్తిగా మూసేయండి. నోటిఫికేషన్ శబ్దాలు కూడా ఆపండి. వాల్యూమ్ పెంచి ఉన్నప్పుడు ఒక్క మెసేజ్ మోత వచ్చినా చెవికి ప్రమాదం. హెడ్‌ఫోన్‌ని తలకి పెట్టుకోకుండానే ఆంప్‌కి కలిపి, ఆ తర్వాత పెట్టుకోండి. వాల్యూమ్ మొదట సున్నాలో, తర్వాత మీరు మామూలుగా వినే చోట, చివర్లో దానికంటే కొంచెం పైన ఉంచి వినండి.

మామూలుగా వినే వాల్యూమ్ దగ్గర ఏమీ వినిపించకపోతే శబ్దం సంగతి అక్కడితో సరి. నాబ్ చివరిదాకా తిప్పితే ఏదో వినిపిస్తోందని బాధపడొద్దు. ఆ వాల్యూమ్‌లో మీరు ఎప్పుడూ పాట వినరు.

వినిపిస్తే, ఏ రకం శబ్దమో గుర్తుపట్టాలి.

ఆగకుండా, ఒకే తీరున వచ్చే "స్స్స్" అనే చప్పుడు ఆంప్ సర్క్యూట్ సహజంగా చేసేది. వాల్యూమ్ నాబ్ తిప్పినా అది మారకపోతే ఆంప్‌దే. నాబ్‌తో పాటు పెరిగితే ముందున్న డాక్ నుంచి వస్తోంది. సున్నితమైన ఇయర్‌ఫోన్లతో ఇది బాగా తెలుస్తుంది. దీనికి మందు గెయిన్ స్విచ్‌ని (ఆంప్ సిగ్నల్‌ని ఎన్నింతలు పెంచాలో చెప్పేది) తక్కువలో పెట్టడం. సప్లై మార్చి ఈ చప్పుడు పోగొట్టాలనుకోవద్దు.

మెల్లగా, కిందిస్థాయిలో "గుంయ్" మనే హమ్ రెండో రకం. కరెంటు సరఫరా 50 హెర్ట్జ్ ఉన్నచోట ఇది 50 లేదా 100 దగ్గర ఉంటుంది, 60 హెర్ట్జ్ ఉన్నచోట 60 లేదా 120 దగ్గర. ఫోన్‌లో ఏదైనా టోన్ జనరేటర్ యాప్ పెట్టి ఆ రెండు స్వరాలూ వినిపించుకుంటే మీ హమ్ దేనికి దగ్గరగా ఉందో పోల్చుకోవచ్చు. రెట్టింపు స్వరం, అంటే 100 లేదా 120 ఎక్కువగా ఉంటే ఏసీని డీసీగా మార్చే చోట వోల్టేజీని చదునుచేసే కెపాసిటర్లు చాలడం లేదని అనుమానించాలి. ఇది సప్లై తప్పే. 50 లేదా 60 ఎక్కువగా ఉంటే గ్రౌండ్ లూప్ (పెట్టెల గ్రౌండ్ తీగలు చుట్టుగా కలిసి వాటిలో కరెంటు తిరగడం) కావచ్చు, దగ్గర్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం కావచ్చు. అడాప్టర్‌ని, ఆంప్‌ని అరమీటరు ఎడంగా జరిపి చూడండి. జరిపినకొద్దీ హమ్ మారితే అది అయస్కాంత క్షేత్రమే. జరపడమే వైద్యం.

మూడో రకమే అందరినీ విసిగించేది. మౌస్ కదిపితే చిరచిర, పేజీ స్క్రోల్ చేస్తే గీర, గేమ్ మొదలుపెడితే కీచు. ఒక్కోసారి ఆగకుండా ఒకే సన్నటి స్వరం వస్తుంది. యూఎస్‌బీ డేటా 1 మిల్లీసెకనుకి ఒక ఫ్రేమ్ చొప్పున వెళ్తుంది, హై-స్పీడ్‌లో అయితే 125 మైక్రోసెకన్లకి ఒక మైక్రోఫ్రేమ్. అందుకే ఆ స్వరం 1,000 హెర్ట్జ్ దగ్గరో 8,000 హెర్ట్జ్ దగ్గరో ఉంటుంది. ఇవన్నీ కంప్యూటర్ నుంచి వచ్చేవి. గోడ దగ్గరున్న అడాప్టర్‌కి మౌస్ కదలికల సంగతి తెలియదు కదా.

ఒక టేబుల్ మీద పరిశోధన

ఈ అమరిక చాలామంది దగ్గర ఉంటుంది: చార్జర్ పెట్టిన లాప్‌టాప్, దాని యూఎస్‌బీ మీదే నడిచే డాక్, డాక్ నుంచి ఆర్‌సీఏ కేబుల్‌తో (ఒక్కో చానల్‌కి ఒక ప్లగ్ ఉండే ఆడియో తీగ) హెడ్‌ఫోన్ ఆంప్, ఆంప్‌కి 12 వోల్టుల అడాప్టర్. సన్నటి బజ్‌తో పాటు స్క్రోల్ చేసినప్పుడల్లా చిరచిర వస్తోంది. దీని యజమాని "ఆంప్ అడాప్టర్ చవకది, లీనియర్ కొంటాను" అంటున్నాడు. కొనే ముందు నాలుగు పనులు చేయిద్దాం.

ఆంప్ వాల్యూమ్ సున్నా చేస్తే శబ్దం పోయింది. కాబట్టి అది ఆంప్ ఇన్‌పుట్ దగ్గరే సిగ్నల్‌తో కలిసి వస్తోంది, అవుట్‌పుట్ దశలో పుట్టడం లేదు. వాల్యూమ్ పెంచి లాప్‌టాప్ చార్జర్ పీకితే శబ్దం దాదాపు మాయమైంది. చార్జర్ మళ్లీ పెట్టి, డాక్ నుంచి వచ్చే ఆర్‌సీఏ కేబుల్ తీసేస్తే పూర్తి నిశ్శబ్దం. (ఆర్‌సీఏ తీసేటప్పుడు, పెట్టేటప్పుడు వాల్యూమ్ తగ్గించడం మరవొద్దు.) చివరగా, డాక్‌ని లాప్‌టాప్ బదులు బ్యాటరీ మీదున్న ఫోన్‌కి కలిపితే అప్పుడూ నిశ్శబ్దమే.

నాలుగు జవాబులూ ఒకే దారి చూపిస్తున్నాయి. ఆంప్ అడాప్టర్ ఒక్కటే తప్పు చేస్తుంటే ఫోన్‌తో కూడా శబ్దం ఉండాలి. లేదు. లాప్‌టాప్ చార్జర్, లాప్‌టాప్, యూఎస్‌బీ కేబుల్ గ్రౌండ్, డాక్, ఆర్‌సీఏ కేబుల్ షీల్డ్, ఆంప్, ఆంప్ అడాప్టర్, తిరిగి గోడ: ఈ చుట్టు గుండా ఒక చిన్న కరెంటు తిరుగుతోంది. ఆర్‌సీఏ కేబుల్‌లో షీల్డే (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు) సిగ్నల్‌కి తిరుగుదారి కూడా. కాబట్టి షీల్డ్ మీద ఏర్పడే చిన్న వోల్టేజీని ఆంప్ సంగీతంలో భాగమనుకుని పెద్దది చేస్తుంది.

ఆ చిన్న కరెంటు ఎక్కడ పుడుతుంది? మామూలు స్విచింగ్ అడాప్టర్ లోపల గోడవైపు సర్క్యూట్‌కీ, బయటికి వచ్చే డీసీ వైపుకీ మధ్య వై-కెపాసిటర్ అని ఒకటి ఉంటుంది. రేడియో జోక్యాన్ని తగ్గించడానికి దాన్ని పెడతారు. దాని గుండా ఏసీ కరెంటు కొద్దిగా కారుతుంది. ఎర్త్ పిన్ లేని చార్జర్ పెట్టినప్పుడు లాప్‌టాప్ మెటల్ బాడీ మీద వేలు మెల్లగా రాస్తే జివ్వుమన్నట్టు, గరుకుగా అనిపిస్తుందే, అది ఈ కరెంటే. పరిమితుల్లోనే ఉంటుంది కాబట్టి మనిషికి ప్రమాదం లేదు. హెడ్‌ఫోన్ ఆంప్‌కి మాత్రం ఆ కాస్తే ఎక్కువ.

ఇప్పుడు అతను లీనియర్ కొంటే ఏమయ్యేది? మంచి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఈ కారుదల తక్కువే కాబట్టి ఆంప్ వైపు నుంచి కొంత తగ్గేది. లాప్‌టాప్ చార్జర్ వైపుది అలాగే ఉండేది. ఆ లీనియర్ సప్లై డీసీ మైనస్‌ని ఎర్త్‌కి కలిపే రకమైతే లూప్‌కి ఇంకా మంచి దారి దొరికి శబ్దం పెరిగినా పెరగవచ్చు. ఈ టేబుల్‌కి అసలు వైద్యం లూప్‌ని తెంచడం. డాక్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్, కంప్యూటర్‌కి ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటే ఆప్టికల్ కేబుల్ వాడటం అన్నిటికంటే మేలు. గాజు, ప్లాస్టిక్ గుండా గ్రౌండ్ కరెంటు పోదు. (యూఎస్‌బీ తీసేశాక ఆ డాక్‌కి వేరే 5 వోల్టులు కావాలి, అది గుర్తుంచుకోండి.) లేకపోతే యూఎస్‌బీ ఐసొలేటర్, అంటే డేటాని పోనిస్తూ గ్రౌండ్‌ని విడదీసే చిన్న పెట్టె. దాని సంగతి కింద చెబుతాను. ముందు మాత్రం అన్ని ప్లగ్గులూ ఒకే పవర్ స్ట్రిప్‌లో పెట్టి చూడమంటాను. చాలాసార్లు ఇదొక్కటే సగం పని చేస్తుంది.

శబ్దం పోతుందని ఎవరైనా ఎర్త్ పిన్ విరగ్గొట్టమనో, టేపు చుట్టమనో చెబితే వినకండి. లోపల ఏదైనా తెగి మెటల్ పెట్టెకి మెయిన్స్ తగిలినప్పుడు ప్రాణం కాపాడేది ఆ పిన్నే. హెడ్‌ఫోన్ అంటే తలకి తగిలించుకునే వస్తువు. ఈ విషయంలో రాజీ లేదు.

పవర్ బ్యాంక్ ఏం చెబుతుంది

5 వోల్టుల డీసీ జాక్ ఉన్న పరికరాలకి పవర్ బ్యాంక్ చక్కటి పరీక్ష సాధనం. అడాప్టర్ బదులు పవర్ బ్యాంక్ పెట్టగానే నిశ్శబ్దం వచ్చిందనుకోండి. "బ్యాటరీ కరెంటు శుభ్రమైనది, అందుకే" అని చాలామంది తేల్చేస్తారు. కానీ పవర్ బ్యాంక్ లోపల ఉన్నది 3.7 వోల్టుల సెల్. దాన్ని 5 వోల్టులు చేసేది స్విచింగ్ కన్వర్టరే. శబ్దం పోయింది అది గోడకి కలిసి లేదు కాబట్టి. అంటే, అది 100 లేదా 120 హెర్ట్జ్ హమ్ కాకపోతే, మీ ఇబ్బంది లూప్. లీనియర్ సప్లై కూడా గోడకే కలుస్తుంది, అది గుర్తుపెట్టుకోండి.

పవర్ బ్యాంక్‌తో ఇంకో చిక్కు: లోడ్ మరీ తక్కువైతే ఫోన్ చార్జింగ్ పూర్తయిందనుకుని కొన్ని వాటంతటవే ఆగిపోతాయి. పరీక్షకి పర్వాలేదు, రోజూ వాడాలంటే తక్కువ కరెంటు మోడ్ ఉన్నది చూసుకోవాలి.

రిపుల్ లెక్క

మరి సప్లై నుంచి వచ్చే రిపుల్, అంటే డీసీ మీద మిగిలిపోయే చిన్న అల, అసలు పట్టించుకోనక్కర్లేదా? ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. అడాప్టర్ మీద 50 మిల్లీవోల్టుల రిపుల్ ఉందనుకోండి. ఆంప్ లోపలి రెగ్యులేటర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే సర్క్యూట్) దాన్ని 60 డెసిబెల్స్ తగ్గిస్తే, అంటే వెయ్యో వంతు చేస్తే, 50 మైక్రోవోల్టులు మిగులుతుంది. ఆంప్ సర్క్యూట్ స్వయంగా ఇంకో 80 డెసిబెల్స్, అంటే పదివేలో వంతుకి తగ్గిస్తే 5 నానోవోల్టులు. మంచి ఆంప్ తనంతట తాను చేసే శబ్దమే మైక్రోవోల్టుల్లో ఉంటుంది. వెయ్యి మాటల ప్రకటన కంటే ఈ ఒక్క గుణకారం ఎక్కువ చెబుతుంది.

అయితే ఇది తక్కువ ఫ్రీక్వెన్సీల లెక్క. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ రెగ్యులేటర్లూ, ఆప్-ఆంపులూ (సిగ్నల్‌ని పెంచే చిప్‌లు) సప్లై శబ్దాన్ని ఆపే శక్తి తగ్గిపోతుంది. స్విచింగ్ అడాప్టర్లు పనిచేసేది పదుల, వందల కిలోహెర్ట్జ్‌లలో. అది నేరుగా చెవికి వినిపించదు గానీ, సరిగ్గా డిజైన్ చేయని పెట్టెలో లోపలి సర్క్యూట్లని కలవరపెట్టి వినిపించే శబ్దంగా మారగలదు. కాబట్టి చవక అడాప్టర్ అన్నిసార్లూ నిర్దోషి అనను. పెట్టె లోపల ఫిల్టర్ బాగుంటే అడాప్టర్‌తో తేడా ఉండదు, బాగా లేకపోతే ఉంటుంది. మీ పెట్టె ఏ రకమో తేల్చేది పైన చెప్పిన పరీక్షలే.

లేబుల్ చదవడం

అడాప్టర్‌ని చేతిలోకి తీసుకోండి. అవుట్‌పుట్ అని ఉన్న వరుస చూడండి. వోల్టుల పక్కన ఒక నిలకడ గీత, దాని కింద చుక్కల గీత ఉంటే డీసీ. అల గుర్తు ఉంటే ఏసీ. అవును, ఏసీ బయటికి ఇచ్చే అడాప్టర్లూ ఉన్నాయి. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసే ఇంజినీరు అందరికీ ఉచితంగా ఇచ్చిన ఓ2 హెడ్‌ఫోన్ ఆంప్ డిజైన్ ఈ రకమే. షీట్ మాగ్నీ కూడా అంతే. ఆ అడాప్టర్‌లో ఉన్నది ఉత్త ట్రాన్స్‌ఫార్మర్. డయోడ్లు, కెపాసిటర్లు, రెగ్యులేటర్లు ఆంప్ పెట్టెలో ఉంటాయి. అంటే వీటి యజమానులు కొనాలనుకుంటున్న లీనియర్ సప్లై ఇప్పటికే వాళ్ల దగ్గరుంది! ఏసీ కావలసిన జాక్‌కి డీసీ ఇస్తే ప్లస్, మైనస్ వోల్టేజీల్లో ఒకటే తయారవుతుంది. ఆంప్ సరిగా పనిచేయదు, పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. అల గుర్తు కనిపిస్తే అప్‌గ్రేడ్ ఆలోచన అక్కడే వదిలేయండి.

డీసీ అయితే నాలుగు కలవాలి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. యాంపులు అంతే గానీ ఎక్కువ గానీ ఉండవచ్చు. ట్యాంకు పెద్దదైనంత మాత్రాన కుళాయిలోంచి నీళ్లు ఎక్కువ రావు. అలాగే 1 యాంప్ కావలసిన పెట్టెకి 3 యాంపుల అడాప్టర్ పెట్టినా అది తీసుకునేది తనకి కావలసినంతే. తక్కువ యాంపులది పెడితేనే ఇబ్బంది. మూడోది పోలారిటీ: లేబుల్ మీద చిన్న వృత్తాల బొమ్మలో మధ్య చుక్క నుంచి వచ్చే గీత + కి వెళ్తోందా − కి వెళ్తోందా చూడాలి. నాలుగోది పిన్ సైజు. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1 ఉన్నవీ, 2.5 ఉన్నవీ ఉన్నాయి. 2.1 ప్లగ్ 2.5 జాక్‌లోకి దిగదు. 2.5 ప్లగ్ 2.1 జాక్‌లోకి దిగుతుంది గానీ వదులుగా ఉండి, కదిపినప్పుడల్లా చిటపటలాడుతుంది. దాన్ని "సప్లై శబ్దం" అనుకుని ఇంకో సప్లై కొన్నవాళ్లూ ఉంటారు.

కొత్త అడాప్టర్‌ని ఆంప్‌కి పెట్టే ముందు మల్టీమీటర్‌తో కొలవండి. ఎరుపు ప్రోబ్ ప్లగ్ మధ్య రంధ్రంలో, నలుపు బయటి లోహానికి. మధ్యలో + కావలసిన 12 వోల్టుల ఆంప్ అయితే 12.1 అనో 11.9 అనో ప్లస్‌లో చూపిస్తే సరే. మైనస్ గుర్తు వస్తే పోలారిటీ తిరగబడిందన్నమాట. పాత రకం, చేతికి బరువుగా తగిలే, రెగ్యులేషన్ లేని అడాప్టర్ అయితే లేబుల్ మీద 12 ఉన్నా లోడ్ లేకుండా 16, 17 చూపిస్తుంది. బరువుగా ఉంది కాబట్టి లీనియర్, లీనియర్ కాబట్టి మంచిది అనుకుని దాన్ని ఆంప్‌కి పెట్టొద్దు.

ఏది కొనాలి: తక్కువ ఖర్చు నుంచి మొదలుపెట్టి

పవర్ చాలకపోతే ముందు సరిపడా యాంపులున్న మంచి అడాప్టర్. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, అంటే 2.5 వాట్లు. మన మొదటి లెక్కలోని హెడ్‌ఫోన్‌కి రెండు చానళ్లకీ కలిపి 2 వాట్లు. క్లాస్ ఏబీ అనే రకం ఆంప్ సామర్థ్యం సైన్ వేవ్ మీద సిద్ధాంతపరంగా కూడా 78.5 శాతం దాటదు, కాబట్టి ఆంప్‌కే 2.5 వాట్లు మించి కావాలి. డాక్ చిప్‌కి ఏమీ మిగలదు. పాటలో సగటు పవర్ ఇంత ఉండదు కాబట్టి చాలావరకు గడిచిపోతుంది. కానీ గట్టిగా వింటున్నప్పుడు డ్రమ్ దెబ్బ పగిలినట్టు వినిపిస్తే ఇదే కారణం కావచ్చు. యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీయాంపులు ఇస్తుంది. ముందు ఆ పోర్టుకి మార్చి చూడండి. తర్వాత, పరికరానికి విడిగా 5 వోల్టుల జాక్ ఉంటే అడాప్టర్. ఐఫై జెన్ డాక్ వంటి వాటికి ఈ సౌకర్యం ఉంది. ఒక్క జాగ్రత్త: యూఎస్‌బీ డేటా కేబుల్ కంప్యూటర్‌కి, పవర్ గోడకి పెట్టినప్పుడు ఇంతకుముందు లేని లూప్ కొత్తగా ఏర్పడవచ్చు. పవర్ బాగుపడి శబ్దం మొదలైతే ఆశ్చర్యపోవద్దు.

అడాప్టర్ ఎంచుకునేటప్పుడు డేటాషీట్ దొరికే కంపెనీది కొనండి. మీన్ వెల్ వంటి కంపెనీలు "రిపుల్ అండ్ నాయిస్" ఎన్ని మిల్లీవోల్టులో అచ్చు వేస్తాయి. అంకె చెప్పినవాడిని నమ్మవచ్చు. "ఆడియో గ్రేడ్" అని మాత్రమే రాసినవాడిని నమ్మడానికి ఆధారం లేదు. ఐఫై ఐపవర్ లాంటివి ఆడియో కోసమే చేసిన స్విచింగ్ అడాప్టర్లు, 5, 9, 12, 15 వోల్టుల్లో వచ్చాయి. మామూలు అడాప్టర్‌కీ లీనియర్‌కీ మధ్య మంచి మజిలీ.

టైప్-సీ పీడీ (పవర్ డెలివరీ) చార్జర్ ఇప్పటికే ఉంటే ట్రిగర్ కేబుల్ అన్నిటికంటే చవక దారి. ఆ కేబుల్‌లోని చిన్న చిప్ చార్జర్‌ని ఫలానా వోల్టేజీ ఇమ్మని అడుగుతుంది. పీడీ మామూలు వోల్టేజీలు 5, 9, 15, 20. గమనించండి, 12 తప్పనిసరి కాదు. చాలా చార్జర్లలో అది ఉండదు. 12 వోల్టుల ట్రిగర్ కేబుల్ అలాంటి చార్జర్‌కి పెడితే 9 వోల్టులో, 5 వోల్టులో వస్తుంది. ఆంప్ వెలగదు, లేదా వెలిగి సగం పవర్‌తో నడుస్తుంది. 9, 15 వోల్టుల పరికరాలకి మాత్రం ఈ దారి ధైర్యంగా సూచిస్తాను. మల్టీమీటర్ పరీక్ష ఇక్కడ ఇంకా ముఖ్యం.

కంప్యూటర్ శబ్దానికి యూఎస్‌బీ ఐసొలేటర్. చవకవాటిలో ఉండేది ఏడీయూఎం3160, ఏడీయూఎం4160 చిప్‌లు. ఇవి 12 మెగాబిట్ల ఫుల్-స్పీడ్ వరకే. స్టీరియోలో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకా సరిపోతుంది, మీ డాక్ ఫుల్-స్పీడ్‌లో పనిచేయగలిగితేనే. కొన్ని డాక్‌లు హై-స్పీడ్ లేకపోతే కనెక్టే కావు. మాన్యువల్‌లో యూఏసీ1 మోడ్ (ఫుల్-స్పీడ్‌లో పనిచేసే పాత యూఎస్‌బీ ఆడియో పద్ధతి) ఉందేమో చూడండి. 480 మెగాబిట్లకి ఏడీయూఎం4165 రకం చిప్ ఉన్నది కావాలి, ఖరీదు ఎక్కువ. ఇంకో మాట, చవక ఐసొలేటర్‌లోని చిన్న కన్వర్టర్ డాక్-ఆంప్ మొత్తాన్ని మోయలేకపోవచ్చు. అది ఎన్ని మిల్లీయాంపులు ఇస్తుందో అడిగి కొనండి.

ఇప్పుడున్న అడాప్టర్ తర్వాత పెట్టుకునే ఎల్‌టీ3045 రెగ్యులేటర్ బోర్డులు చిన్నవి, చవక. ఆ చిప్ శబ్దం 10 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ వరకు 0.8 మైక్రోవోల్టులు. ఇచ్చే కరెంటు 500 మిల్లీయాంపులు. వచ్చే వోల్టేజీ కావలసినదానికంటే కాస్త ఎక్కువుండాలి. మరీ ఎక్కువైతే తేడా అంతా వేడవుతుంది: 12 నుంచి 9కి దించుతూ 400 మిల్లీయాంపులు తీస్తే 1.2 వాట్లు. రిపుల్‌కి ఇది మంచి మందు. లూప్‌ని మాత్రం తెంచదు, ఎందుకంటే గ్రౌండ్ తీగ అటూ ఇటూ ఒకటే.

చివరికి లీనియర్ సప్లై. పెట్టెలో పూర్తిగా మూసి, భద్రతా ముద్రలతో వచ్చేదే కొనండి. ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు విడిగా ఇచ్చే కిట్‌లలో మెయిన్స్ తీగలు మీరే కలపాలి. ఆ పని నేర్చుకోని వాళ్లకి అది వద్దు. వోల్టేజీ తిప్పుకునే స్క్రూ ఉన్నవాటిని ముందు మల్టీమీటర్‌తో సరిచేసి, స్క్రూ కదలకుండా చూసుకున్నాకే ఆంప్‌కి కలపాలి. ఆంప్ పక్కనే, పైనే పెడితే ట్రాన్స్‌ఫార్మర్ హమ్ కొత్తగా రావచ్చు. తీగ పొడవున్నంత దూరం పెట్టండి. 100 లేదా 120 హెర్ట్జ్ హమ్ ఉండి, పవర్ బ్యాంక్‌తో అది పోయి, మంచి స్విచింగ్ అడాప్టర్‌తో కూడా తగ్గకపోతే దీని గురించి ఆలోచించండి. అంతకుముందు వద్దు.

శబ్దం ఏదీ లేకపోయినా, సప్లై మార్చితే బేస్ బిగుస్తుందని, స్టేజ్ (వాద్యాలు ఎడంగా పరుచుకున్నట్టు వినిపించడం) విచ్చుకుంటుందని మీకు నమ్మకం ఉంటే ఇంకొకరి సాయం తీసుకోండి. వాళ్లు నాణెం ఎగరేసి, మీకు కనిపించకుండా పాతదో కొత్తదో పెట్టాలి. 10 సార్లలో 9 లేదా అంతకంటే ఎక్కువ సరిగ్గా చెబితే ఊహతో అలా తగిలే అవకాశం 1024లో 11, అంటే సుమారు 1 శాతం. అప్పుడు మీ చెవిని నేనూ నమ్ముతాను. 6, 7 వచ్చాయంటే పాతదే వాడుకోండి, ఆ డబ్బు మంచి ఇయర్‌ప్యాడ్లకి పెట్టండి. వాటి తేడా మొదటి పాటలోనే తెలుస్తుంది.

వచ్చే పాఠానికి చేసుకురావాల్సినవి

మీ టేబుల్ మీదున్న ప్రతి పెట్టె లేబుల్ చదివి వోల్టులు, యాంపులు, ఏసీయా డీసీయా, పిన్ సైజు, పోలారిటీ ఒక కాగితం మీద రాయండి. చెవి పరీక్ష చేసి, వినిపించిన శబ్దం మూడు రకాల్లో ఏదో, చార్జర్ పీకినప్పుడు, ఆర్‌సీఏ తీసినప్పుడు ఏమైందో దాని పక్కనే రాయండి. 9 వోల్టులు, 800 మిల్లీయాంపులు తీసుకునే ఆంప్‌కి 12 వోల్టుల అడాప్టర్ తర్వాత ఎల్‌టీ3045 బోర్డు ఒకటి పెట్టవచ్చా, పెట్టకూడదా, కారణంతో సహా ఆలోచించండి. రెండు కారణాలున్నాయి. ఒకటి మాత్రమే దొరికితే బోర్డు వెచ్చబడే లెక్క మళ్లీ చూడండి. నాలుగో పాఠంలో కంప్యూటర్ సౌండ్ ఇన్‌పుట్, ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ వాడి ఈ శబ్దాన్ని తెర మీద గీతగా చూడటం, 50 ఏదో 100 ఏదో అంకెతో చెప్పడం నేర్చుకుందాం. లైన్-ఇన్ ఉన్న సౌండ్ కార్డు గానీ, ఆర్‌సీఏ నుంచి 3.5 మిల్లీమీటర్లకి మార్చే కేబుల్ గానీ ఇంట్లో ఉందేమో వెతికి పక్కన పెట్టుకోండి.